పసుపు రాసిన లైసెన్సు

స్పైరల్ మిషను పిడిని రెండు చేతులా కిందికి లాగి, కాగితాల అంచున వరసగా పడిన కన్నాలను బాబ్జీ బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. పద్దెనిమిది పేజీలు. అన్నీ ఇంగ్లీషే. సగం అర్థం కాకపోయినా నల్లటి ప్లాస్టిక్ తీగ గుచ్చి, పైన అట్ట వేసి, నాలుగు మూలలా పసుపు రాశాడు. మోండా మార్కెట్ వెనక సందులోని ఆ కొట్టు నుంచి శుభలేఖ అయినా, కరపత్రమయినా మొదటి కాపీ పసుపు తగలకుండా బయటికి వెళ్ళదు. కొట్టు పేరున్న గుండ్రటి స్టాంపు కూడా పడాలి. అదీ కొట్టాడు.

పొట్టి మనిషి. యాభై నాలుగేళ్ళు. తెరలోకి చూసి చూసి మెడ కాస్త ముందుకు సాగిపోయింది. విజయనగరంలో టైపు నేర్చుకుని వచ్చి, ఇరవై రెండేళ్ళుగా ఒకే కొట్టులో ఊరందరి పెళ్ళిళ్ళకూ పేర్లు కూర్చాడు. ఒక్క పెళ్ళికీ పిలుపు రాలేదు. దానికి బాధపడే రకం కాదు. "అచ్చుతప్పు లేకపోతే సాలు. భోజనం మనింట్లోనే రుచి" అనేవాడు.

అది రెండువేల అయిదు. ప్రతి మేడకూ ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులు. వాటి వెనకే తనిఖీలూ వచ్చాయి. దొంగ సీడీలతో పని చేసే కొట్ల మీద కేసులు పెట్టి మిషన్లు పట్టుకుపోతున్నారు. యజమాని చిన్నబ్బాయిగారి మూడు కంప్యూటర్లలోనూ ఉన్నవి ఫుట్‌పాత్ సీడీలే. అసలువి కొనాలంటే కొట్టు అమ్మాలి. "జెరాక్సు ఒక్కటే ఉంచి మిగతాది మూసేస్తానయ్యా" అని ఆయన తేల్చేశారు. జెరాక్సు కొట్టులో బాబ్జీకి పనేముంటుంది? ఈ వయసులో ఇంకో కుర్చీ ఎవరిస్తారు?

అందుకే కంప్యూటర్ పత్రికతో ఊరికే వచ్చిన, మిషను నడపడానికి కావలసినదంతా ఉన్న లినక్స్ సీడీని పట్టుకుని నెల్లాళ్ళు కూర్చున్నాడు. ఉత్తరాలకు ఓపెన్ ఆఫీస్ దొరికింది. ఫొటోలకు గింప్ దొరికింది. తెలుగుతోనే నానా అగచాట్లు పడ్డాడు. పాత ఫైళ్ళు తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే. మొదటి నుంచి మళ్ళీ కొట్టాడు. మీటల వరసా కొత్తదే. వేళ్ళు మొరాయించాయి, అయినా వదల్లేదు.

"డబ్బు పుచ్చుకోకుండా ఎవడిస్తాడయ్యా? బిల్లు లేనిది దొంగ సరుకే కదా!" అన్నది చిన్నబ్బాయిగారి బెంగ. దొంగ సీడీలు ధీమాగా వాడిన మనిషి, ఊరికే వచ్చినదాన్ని చూసి వణికారు. ఆయన ధైర్యం కోసమే బాబ్జీ, ఎవరైనా వాడుకోవచ్చని రాసి మిషన్లోనే ఉన్న లైసెన్సులన్నీ అచ్చు తీసి ఈ పుస్తకం చేశాడు.

పదకొండింటికి తనిఖీ మనిషి రానే వచ్చాడు.

"బిల్లులు చూపియ్యిండ్రి."

బాబ్జీ పుస్తకం అందించాడు. అతను మొదటి పేజీలోనే ఆగిపోయాడు.

"ఏందిది? మీ దుకాన్ స్టాంపే ఉంది. లైసెన్స్ మీరే తయారు చేసుకున్నరా? పసుపు సుత పెట్టిన్రు!"

చిన్నబ్బాయిగారి ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. బాబ్జీకి సంగతి అర్థమైంది. ఇన్నేళ్ళ అలవాటు ఇవాళే కొంప ముంచింది.

"అచ్చేసింది మేమే బాబూ. రాసింది మేం కాదు. మిషన్లో ఉన్నదే ఇది. మీరే కూకుని సూడండి" అంటూ కుర్చీ ఖాళీ చేశాడు.

అతను మూడు మిషన్లూ గాలించాడు. తెర మీది లైసెన్సునూ పుస్తకాన్నీ వరస వరసా పోల్చాడు. అరగంటకు తల ఎత్తి పకపకా నవ్వాడు.

"అంతా కరెక్టే ఉంది. స్టాంప్ కొట్టి నన్ను పరేషాన్ చేసిన్రు గదా!" తర్వాత గొంతు తగ్గించాడు. "మా ఇంట్ల సుత ఒక కంప్యూటర్ ఉంది. గిదొక సీడీ ఇస్తరా?"

"కాపీ చెయ్యొచ్చా?" చిన్నబ్బాయిగారు కంగారుపడ్డారు.

"సెయ్యొచ్చండి. పుస్తకంలోనే ఉంది" అన్నాడు బాబ్జీ, మహా దర్జాగా.

సీడీ తయారవుతుంటే బాబ్జీకి ఒక సంగతి తట్టింది. సొంత కొట్టు తన పాత కోరిక. మౌలాలిలో ఇంటి ముందుగది ఉంది. మిషను వాయిదాల్లో దొరుకుతుంది. అందులో వేసే అసలు సీడీలు కొనే దారి లేకే ఆగాడు. యజమాని కొట్టులో దొంగ సీడీ యజమాని తప్పు, సొంత కొట్టులో అది తన తప్పవుతుంది. ఇప్పుడా అడ్డం లేదు. ఒళ్ళంతా సంతోషంతో తనకోసం ఇంకో ఖాళీ సీడీ తీశాడు.

సాయంత్రం చెప్పేశాడు. "వచ్చే ఒకటో తారీకు నుంచి రాలేనండి. ఇంటికాడే సిన్న కొట్టు ఎట్టుకుంటాను."

చిన్నబ్బాయిగారు లెక్కల పుస్తకం మూసేశారు. "నా కొట్టు నిలబెట్టి నువ్వెళ్ళిపోతావా?" ఆ గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ.

"ఈలోగా మీకూ నేర్పేస్తానండి."

"నాకొస్తుందంటావా?" ఆయన ముక్కు చీదుకున్నారు. "సరే. ప్రారంభోత్సవానికి నన్ను పిలవకపోతే మాత్రం ఊరుకోను."

ఒకటో తారీకు పొద్దున చిన్నబ్బాయిగారు బాబ్జీ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క వేలితో అక్షరాలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. కీబోర్డు మీద ప్రతి మీటకూ ఒక తెలుగు అక్షరం అంటించి ఉంది. చెడిపోయిన శుభలేఖల్లోంచి కత్తిరించినవి, కొన్ని ఎర్రవి, కొన్ని బంగారు రంగువి, ఊడిపోకుండా పైన సన్నటి టేపు.