గడప దాటిన నీడ

పొద్దుగాల చాయ్ తాగంగనే స్వరాజ్యం సంచి పట్టుకొని సిద్దిపేట కూరగాయల మార్కెట్‌కు పోయేది. కొనేది గుప్పెడు కొత్తిమీర, అది అమ్మే కిష్టవ్వతోని ముచ్చట గంటసేపు. ఇరవై ఏండ్ల అలవాటు.

లాక్‌డౌన్ రాంగనే కొడుకు అరుణ్‌కుమార్ ఆమెను మేడమీది అర్రల ఉంచి బయట గొళ్లెం పెట్టిండు. "నీ మంచికేనమ్మా" అన్నడు. ఆయన వార్డు లీడరు. తల్లిని లోపల పెట్టి, కింద యాభైమందిని జమచేసి బియ్యం పంచిండు. మాస్కు గదవ కిందికి గుంజి ఫొటోలు దిగిండు. కోడలు మనస్విని తలుపు కొద్దిగ తెరిచి, కంచం లోపలికి నూకి, మళ్ల గొళ్లెం పెట్టేది.

మూడు వారాలకు స్వరాజ్యం ఇయ్యాల ఏ వారమో మరిచింది. తల దువ్వుకునుడు బందు పెట్టింది. ఫ్యానుతోని మాట్లాడవట్టింది. కొడుకు ఎవరో డాక్టరును ఫోన్ల అడిగి నిద్రగోలీలు తెప్పించిండు. ఇంట్ల చప్పుడు తగ్గింది. ఆయనకు కావాల్సింది గదే.

నాలుగో వారం ఆమె నీడ లేచి, తలుపు కింది సందులకెల్లి బయటపడి, మెట్లు దిగింది.

"అత్తమ్మ నీడ మాస్కు లేకుంట పోతుంది" అన్నది మనస్విని.

"వచ్చినంక శానిటైజర్ కొట్టు" అన్నడు అరుణ్‌కుమార్, ఫోన్ల నుంచి తల ఎత్తకుంట.

నీడ రెండు గల్లీల అవతల, ఒంటరిగ ఉన్న కిష్టవ్వ ఇంటికి పోయింది. వంగిన భుజం చూసి కిష్టవ్వ గుర్తుపట్టి పీట వేసింది. దినాం గంతే. నీడ తిరిగొచ్చి కాళ్లకు అంటుకోంగనే ఆ ముచ్చట్లన్నీ స్వరాజ్యానికి తెలిసేవి. నవ్వుకుంట రెండు ముద్దలు ఎక్కువ తినేది.

"లీడరు ఇంటికి రూల్స్ లేవా?" అని గల్లీలోళ్లు అడిగేసరికి అరుణ్‌కుమార్‌కు నామోషీ అయింది. నీడ బయటున్నప్పుడే తలుపు సందులకు టేపు వేసి, కిటికీకి అట్టలు కొట్టిండు.

మూడో నాడు కిష్టవ్వ ముక్కుకు కొంగు కట్టుకొని గేటు కాడికొచ్చింది.

"మీ అమ్మ నీడ మూడొద్దుల సంది మా ఇంట్ల ఏడుస్తుంది. మనిషిని పంపు నాయినా."

"ముసలోళ్లు బయటికి రావద్దవ్వా."

"మొన్న బియ్యం కాడ నా చెయ్యి పట్టుకొని ఫొటో దిగినవ్ గద. గప్పుడు నేను పడుసుదాన్నా?"

చుట్టూ కిటికీలు తెరుచుకున్నయ్. తల్లి కోసం కాదు, ఆ కిటికీల కోసం గొళ్లెం తీసిండు.

"నువ్వెవరు?" అన్నది స్వరాజ్యం, కిష్టవ్వను చూసి. కిష్టవ్వ ఆమె చెయ్యి పట్టుకొని తన ఇంటికి నడిపించుకపోయింది.

ఇల్లు చేరంగనే నీడ ఉరికొచ్చి కాళ్లను పట్టుకున్నది. స్వరాజ్యం చాలసేపు అటిటు చూసింది.

"కిష్టీ, ఆకలైతుందే" అన్నది.

లాక్‌డౌన్ ఎత్తేసినంక అరుణ్‌కుమార్ శాలువా, కెమెరా మనిషిని తీసుకొని వచ్చిండు. స్వరాజ్యం కిష్టవ్వ ఇంటి అరుగు మీద చిక్కుడుకాయలు తుంపుతుంది.

"అమ్మా, ఇంటికి పోదాం."

"ఏ ఊరు బిడ్డా నీది?"

"మా అమ్మకు మతి పోయింది" అని ఆయన కెమెరా దిక్కు తిరిగి కండ్లు తుడుసుకున్నడు. శాలువా మడిచి చంకల పెట్టుకొని పోయిండు.

కారు గల్లీ మలిగేదాక ఆగి, స్వరాజ్యం ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నది.

"మావోడు బాగ లావైండే కిష్టీ" అన్నది.