గంట కొట్టాక

"ఎనభై వేసెయ్. దానికింత ఆలోచనెందుకు?" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాపుతూ.

"కాలరు మిగిలింది," అంది ఆమె తలెత్తకుండా.

ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. బస్సు సీట్లకు కవర్లు కుడతారక్కడ. ఆయన ప్రొడక్షన్ మేనేజరు, ఆమె తయారీ ఖర్చులు లెక్కగట్టే కాస్టింగ్ అకౌంటెంటు. చేతికి రాబోయే కొత్త ఆర్డరు రెండు లాట్లు, అంటే రెండు విడతల సరుకు. దాన్ని ఎన్ని గంటల్లో పూర్తి చేయగలరో ఈ ఉదయం మీటింగులో యజమానికి చెప్పాలి. అందుకు లెర్నింగ్ కర్వ్ రేటు కావాలి. చేసిన సరుకు రెట్టింపయ్యేసరికి, లాటుకు పట్టే సగటు సమయం మొదటి లాటుతో పోలిస్తే ఎంత శాతానికి దిగిందో, అదే ఆ రేటు. ఇదివరకు కుట్టిన వాటిలో మొదటి లాటుకు అందరి పనీ కలిపి నాలుగు వందల గంటలు పట్టాయి. రెండోదానికి రెండు వందల నలభై. సగటు మూడు వందల ఇరవై. అంటే ఎనభై శాతం. చేతులు పనికి అలవాటు పడ్డాయని అర్థం.

నిన్న మధ్యాహ్నం దాకా ఆమె కూడా అదే నమ్మింది. ఏదో సందేహం అడగడానికి భోజనాల వేళ కుట్టు విభాగానికి వెళ్తే, అన్నం డబ్బాలు మూతలు తీయకుండా కిటికీలో ఉన్నాయి. మిషన్లు మాత్రం ఆగలేదు.

"తినలేదేం?" అని అడిగింది.

అందరూ అక్కా అని పిలిచే పెద్దావిడ దారం తెంపుతూ అంది: "రెండో లాటు మొదలైన కాణ్నించీ ఇంతేనమ్మా. భోజనాలప్పుడు అరగంట, సాయంత్రం గంట కొట్టాక ఇంకో గంటన్నర. అది రాయొద్దన్నారు సారు. రాస్తే మీకు పని చేతకాదనుకుంటారు, మీకే నష్టం అన్నారు." అంతలో ఆ సారు ఎవరో గుర్తొచ్చిందేమో, నాలుక కరుచుకుంది. "మీ ఇంట్లో మాట తెచ్చిపెట్టానా తల్లీ?"

ఆరుగురు మనుషులు, రెండో లాటు పట్టిన అయిదు రోజులు, రోజూ రెండు గంటలు. అరవై గంటలు. అవి కలిపితే రెండో లాటు మూడు వందలు, సగటు మూడు వందల యాభై, రేటు ఎనభై ఏడున్నర. ఏడున్నర శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆ తేడాతో రాబోయే రెండు లాట్లకు కావాల్సిన దానికంటే దాదాపు నూట నలభై గంటలు తక్కువ లెక్క వస్తాయి. ఆ గంటలు ఎవరి ఒంట్లోంచి పిండుతారో ఆమెకు తెలుసు.

తెలియకేం? కాపురానికి వచ్చిన కొత్తలో వంట ముగిసేసరికి పొద్దెక్కేది. అత్తగారు నవ్వి, "చేయగా చేయగా అదే వస్తుందిలే," అనేది. వచ్చింది. ఎందుకు రాదు? పొయ్యి దగ్గరే నిలబడి టీ తాగడం వచ్చింది, తల ఆరకముందే జడేసుకోవడం వచ్చింది, జ్వరమొస్తే మాత్ర మింగి గిన్నెలు తోమడం వచ్చింది. త్వరగా తెమిలిందని ఎవరూ ఆమెను కాసేపు కూర్చోమనలేదు. ఆడపడుచు పిల్లల ట్యూషన్ అప్పగించారు, తర్వాత మామగారి ఆసుపత్రి తిరుగుడు. "మా కోడలు యంత్రం," అని అత్తగారు చుట్టాలకు చెబుతుంటే తనూ మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండింది.

చొక్కా తొడుక్కుంటూ భర్త గొంతు తగ్గించాడు. "చూడు, ఈ ఆర్డరు వస్తే నాకు జీఎం పోస్టు ఖాయం. నీ తెలివి ఇవాళ చూపించకు."

మీటింగు గదిలో అందరూ కూర్చున్నాక, అప్పటికే ఎనభై వేసి ఉన్న కాగితం ఆమె ముందుకొచ్చింది. యజమాని కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎనభయ్యేగా అమ్మా? మీ ఆయన చెప్పేశాడు. సంతకం పెట్టెయ్."

"ఎనభై ఏడున్నర సార్."

భర్త నవ్వాడు. "కూడికలో ఎక్కడో తప్పింది సార్. రాత్రి సరిగ్గా నిద్రపోలేదు."

"కూడిక తప్పలేదు. కూడాల్సినవి రాయనివ్వలేదు." అరవై గంటల సంగతీ చెప్పింది. రాయొద్దన్నది ఎవరో కూడా చెప్పింది.

యజమాని ముందు భర్త వైపు, తర్వాత ఆమె వైపు చూశాడు. "ఆర్డరు పోతే?"

"ఎనభై మీద తీసుకుంటే గడువులోగా ఇవ్వలేం సార్. అప్పుడు పోయేది పేరు. అయినా ఎనభయ్యే కావాలంటే వేయించుకోండి. దాని కింద నా సంతకం ఉండదు."

ఆయన కాగితం తన వైపు లాక్కున్నాడు. ఎనభై కొట్టేసి పక్కన ఎనభై ఏడున్నర రాశాడు. రాయని గంటలన్నీ సాయంత్రానికల్లా తన బల్ల మీద ఉండాలని మేనేజరుకు చెప్పి లేచాడు.

మెట్ల మలుపు దగ్గర భర్త ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు. మొహం కందిపోయి ఉంది. "పదిమందిలో నా పరువు తీశావు. దీని తర్వాత ఒకే ఇంట్లో ఎలా బతుకుతామనుకుంటున్నావ్?"

పన్నెండేళ్ళుగా ఇలాంటి ప్రశ్న ఏదొచ్చినా, రాజీ దారి వెతికే పని ఆమెదే. ఇవాళా అలవాటుగా మనసు వెతకబోయింది. ఆమె దాన్ని ఆపింది.

"అది ఈసారి మీరు ఆలోచించండి," అని, ఆయన్ను తప్పుకుని మెట్లు దిగింది.