రాయని వాన

"తాత గొడుగు దులిపి గుమ్మం పక్కన పెట్టాడు. బయట ఏం జరుగుతోంది?" పాఠం కింద ప్రశ్న చదివి, "వాన పడుతోంది" అని కూతురు తనే జవాబు చెప్పేసింది.

"వాన అని ఎక్కడ రాశారే?" అంది తల్లి, విడిచిన బట్టలు ఉతకడానికి వేరుచేస్తూ.

"రాయలేదమ్మా. ఆనవాళ్లు చూసి మనమే పట్టుకోవాలి. టీచర్ చెప్పారు."

అంతే, మొగుడి చొక్కా ఆవిడ చేతిలో ఆగిపోయింది. ఆయనది బేకరీలో పొయ్యి దగ్గర పని. పెళ్లయిన నాటి నుంచి ఆ చొక్కా దులిపితే పిండి రాలని రోజు లేదు. ఇప్పుడు దులిపింది. చిటికెడు రాలితే ఒట్టు! కాలరు వాసన చూసింది. చెమట వాసన లేదు సరికదా, నిన్న పొద్దున పూసుకున్న పౌడరు ఇంకా ఘుమఘుమలాడుతోంది.

సాయంత్రం ఆయన వచ్చాడు. కంచం పెడుతూ ముంజేతులు చూసింది. వేడి రేకులు తగిలి ఎప్పుడూ ఏదో ఒక గాయం పచ్చిగా ఉండే చేతులవి. అన్నీ శుభ్రంగా మానిపోయాయి. ఏ మహాతల్లి మందు రాసిందో!

"పొయ్యి బాగా మండిందా ఇవాళ?"

"ఆ, మండింది." తల ఎత్తలేదు.

"ఎవరండీ ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"నా దగ్గరా మీ నాటకాలు! చొక్కాకి పిండి లేదు, చేతికి గాయం లేదు. పగలంతా ఎవరింట్లో ఫ్యాను కింద కూర్చుంటున్నారు?"

ఆయన నవ్వబోయాడు, చేతకాలేదు. "బస్టాండులో," అన్నాడు. "బేకరీలో మిషను పెట్టారు. నన్ను ఇక రావద్దన్నారు. జీతం రోజు లోపల ఇంకోచోట కుదురుకుని అప్పుడు చెబుదామని..."

ఆవిడకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ లేని ఆవిడే ఉన్నా బాగుండేది, తిట్టిపోయడానికి ఒక మనిషి దొరికేది అనిపించింది. పిల్ల వింటోందని అప్పుడు గుర్తొచ్చి గబుక్కున తిరిగింది.

"నువ్వెళ్లి చదువుకోవే. ఏం లేదు."

"నాకు తెలుసమ్మా," అంది పిల్ల. "నాన్న విరిగిన బిస్కెట్లు తేవడం మానేశాడుగా. అందుకే టూరుకి రానని టీచర్‌కి చెప్పేశాను. బస్సు పడదన్నాను."

"ఏ టూరే?"

"అయిపోయిందిలే," అంది పిల్ల, పేజీ తిప్పుతూ.