టెస్ట్ బుకింగ్

"బట్టలు తర్వాత మడతపెట్టుకోవచ్చులే, వచ్చి ఒక్కసారి క్లిక్ చేసి వెళ్ళు," అన్నాడు వేణు, బేస్‌మెంట్ మెట్ల మీంచి తల మాత్రం పైకి పెట్టి.

అమెరికాలో నోవై అనే ఊళ్ళో మా ఇంటి బేస్‌మెంట్‌లో మా ఆయన వేణుమాధవ్, అతని స్నేహితుడు ఫణి వీకెండ్లలో ఒక వెబ్‌సైట్ తయారు చేస్తున్నారు. వ్రతాలకీ గృహప్రవేశాలకీ పురోహితుల్ని ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే సైట్. కాఫీలూ భోజనాలూ నా వంతు. అవి చాలనట్టు యూజబిలిటీ టెస్టింగ్ కూడా నాదే. అంటే ఏమీ తెలియని మనిషిని సైట్ ముందు కూర్చోబెట్టి ఎక్కడ తడబడుతుందో పక్కనుంచి చూడటం. "మా ఆవిడకి అర్థమైతే ఇంక అమెరికాలో అందరికీ అర్థమైనట్టే" అని వేణు అన్నప్పుడు నేను కాఫీ ట్రేతో అక్కడే ఉన్నాను. ఎం.సి.ఏ. చదివి, హైదరాబాద్‌లో ప్రోగ్రామర్‌గా ఉద్యోగం చేసి, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇక్కడికొచ్చి గరిటె పట్టినదాన్ని. ఆ సంగతి ఫణికి చెప్పాలని వేణుకి తోచలేదు. నేనే చెప్పుకుంటే డబ్బా కొట్టుకున్నట్టుంటుందని ఊరుకున్నాను.

ఈ టెస్ట్‌లో ఒక నియమం ఉంది. మనసులో ఏమనుకుంటున్నామో అదంతా పైకి చెబుతూ క్లిక్ చేయాలి. పెళ్ళయ్యాక 'నువ్వేమనుకుంటున్నావు' అని వేణు నన్ను అడిగింది ఆ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడే. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ ప్రశ్న కోసం శనివారాలు ఎదురుచూసేదాన్ని.

"నీకు నిజంగా కావలసిన కార్యమే బుక్ చెయ్యి. అప్పుడే తెలుస్తుంది," అన్నాడు వేణు.

నాకు నిజంగా కావలసింది ఒకటే. నాన్న తద్దినం. నాన్నకి నేనొక్కదాన్నే. అన్నదమ్ములు లేరు. "అల్లుడు పెట్టొచ్చు, దోషం లేదు" అని పురోహితులే చెప్పారు. వేణు సరేనన్నాడు. మొదటి ఏడు ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ అడ్డొచ్చింది. రెండో ఏడు మంచు ఎక్కువగా పడింది. మూడో ఏడు మర్చిపోయాడు. ఫోన్‌లో మా అత్తగారు రాజేశ్వరమ్మ, "అల్లుడు పెడితే పుణ్యం, పెట్టకపోతే తప్పేం లేదమ్మా, దానికింత రాద్ధాంతమా" అన్నారు. నాన్న నాకు సైకిల్ నేర్పిన మనిషి. ఆడపిల్లకి కంప్యూటర్లెందుకని బాబాయిలంటే వాళ్ళింటికి వెళ్ళడం మానేసిన మనిషి. ఏడాదికొక్క పూట ఆయన పేరు తలుచుకునేవాళ్ళు లేకపోవడం నాకు రాద్ధాంతమే.

పైకి చెబుతూ క్లిక్ చేశాను. "ఆబ్దికం. పుష్య బహుళ దశమి. శనివారం వచ్చింది, బాగానే ఉంది. కర్త ఎవరని అడుగుతోంది. కొడుకు ఉంది, మనవడు ఉంది, అల్లుడు ఉంది. కూతురు లేదు. కూతురు ఎక్కడుందో వెతుకుతున్నాను."

వెనక ఇద్దరూ నోట్స్ రాసుకుంటున్నారు. సాయం చేయకూడదు, అదీ నియమమే. చివరికి ఫణి నెమ్మదిగా, "అలాంటి కేసులు చాలా తక్కువ వదినా, లాంచ్ అయ్యాక చూద్దాం," అన్నాడు. అల్లుడు అన్నదాని మీద నొక్కి వేణు పేరు వేశాను. అంతే, అన్నీ చకచకా ముందుకెళ్ళాయి. కృష్ణమూర్తిగారనే పురోహితుడి పేరు వచ్చింది, ఉదయం పది గంటలని వచ్చింది.

"అయిపోయింది. ఆ శనివారం నేను మడి కట్టుకుని కూర్చోవాలన్నమాట," అని నవ్వాడు వేణు.

ఆ నవ్వులో ఏముందో నేను చూడలేదు. ఆ మాటే పట్టుకున్నాను. రెండు రోజుల ముందు, "శనివారం గుర్తుందిగా?" అంటే ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. ఆశ పడ్డవాళ్ళకి ఊఁ కొడితే చాలు.

శనివారం తలస్నానం చేసి వంట మొదలుపెట్టాను. ఉల్లి, వెల్లుల్లి లేకుండా అరటికాయ కూర, పెరుగు పచ్చడి, పాయసం. గారెల పిండి రుబ్బి పెట్టాను. దర్భలు, నల్లనువ్వులు పళ్ళెంలో సర్దాను. పది దాటింది. డ్రైవ్‌వేలో మంచు నేనే తీశాను, పెద్దాయన జారిపడతారేమోనని. పదకొండయ్యాక వేణు పైజమాతో కిందికొచ్చి పళ్ళెం చూశాడు.

"ఇదేంటి వసూ?"

"కృష్ణమూర్తిగారు ఇంకా రాలేదండీ."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అది టెస్ట్ బుకింగ్ కదా. ఆయనకి అసలు వెళ్ళదు. టెస్ట్ బుకింగ్‌లన్నీ ఆ రోజే డిలీట్ చేసేశాం." తర్వాత జాలి పడ్డాడు, అదీ చెప్పాలి. భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే ఏడు తప్పకుండా పెడతాను. ఇంత వంట వేస్టెందుకు, ఫణీ వాళ్ళని భోజనానికి రమ్మంటాను. గారెలు వేడివేడిగా వెయ్యి," అన్నాడు.

అతను ఫోన్ చేస్తుంటే నేను సింక్ దగ్గరికి వెళ్ళాను. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. నల్లనువ్వులు చేతిలో పోసుకుని నీళ్ళు వదిలాను. మంత్రం రాదు. నాన్న పేరు చెప్పాను, పెళ్ళితో నాది కాకుండా పోయిన గోత్రం చెప్పాను. నువ్వులు సింక్‌లో జారిపోయాయి. ఎక్కడికి చేరాయో నాకు తెలియదు.

వేణు వెనకనుంచి చూస్తున్నాడు. "అలా చేయకూడదు వసూ. ఆడవాళ్ళు వదిలితే ఆయనకి చేరదు."

"మీరు వదలనివి మూడేళ్ళుగా చేరుతున్నాయా?"

ఇంకాసేపటికి ఫణీ వాళ్ళ కారు వచ్చిన చప్పుడైతే తలుపు తీయడానికి వెళ్ళాడు. నేను స్టవ్ ఆపేసి, గారెల పిండి మీద మూత పెట్టి, ఆకలేస్తున్న ఒక్క మనిషికి, నాకే, విస్తరి వేసుకుని కూర్చున్నాను.