ఒంటికి పట్టని ఎండ

"ఊరంతా ఏసీలు కొంటుంటే మా కోడలు హీటరు కొంది," అని అత్తగారు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని నవ్వేది.

కొన్న మాట నిజమే. కోడలికి సైకిలు పందేలంటే పిచ్చి. నిరుడు మండుటెండలో జరిగిన దూరపు పందెంలో, ఇంకాసేపట్లో అయిపోతుందనగా కళ్లు తిరిగి పడిపోయింది. ఈసారి పూర్తి చేసి తీరాలి. కొన్నాళ్లపాటు రోజూ వేడిలో కష్టపెడితే ఒళ్లు ఎండకు అలవాటు పడుతుంది: గుండె దడ తగ్గుతుంది, చెమట తొందరగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పూ తగ్గుతుంది. కానీ పగలంతా ఆఫీసు, ఇంటికొచ్చేసరికి ఎండ ఉండదు. అందుకే సామాన్ల గదిలో హీటరు, స్టాండుకు బిగించిన సైకిలు, ఒంటి మీద ఉన్ని స్వెట్టరు.

కొత్త మొగుడు తలుపు బయట స్టూలేసుకుని కూర్చునేవాడు. వేడి పెంచే మీట, గదిలో ఎంత వేడుందో చూపే మీటరు అతని దగ్గరే. అలా పెట్టించింది ఆమే.

"నా చేతికందితే తగ్గించేస్తాను. నేను ఏడ్చినా, బతిమాలినా తగ్గించకు."

"ఒట్టు."

"తీసి గట్టు మీద పెట్టే ఒట్టా?"

"కాదే పిచికా, నీ మీద ఒట్టు."

పిచిక అతను పెట్టిన ముద్దుపేరు.

మొదటి రోజులు నరకం చూసింది. తర్వాత్తర్వాత చిత్రంగా ఒళ్లు తేలికపడింది.

"ఎంతుంది?" అని లోపల్నుంచి కేకేసేది.

"నలభై!"

"నలభైలో పాట పాడుతున్నా, విను!"

ఆమె కూనిరాగం తీస్తే అతను బయటి నుంచి తలుపు మీద వేళ్లతో తాళం వేసేవాడు. బయటికి రాగానే తడి నెత్తి మీద ముద్దు పెట్టి "నా ఇనుప పిచిక" అనేవాడు. ఆ మాట గుర్తొచ్చి ఆఫీసులో ఒక్కతే నవ్వుకునేది.

పందేనికి వారం ముందు, సెలవు రోజు మిట్టమధ్యాహ్నం, పందేలకు తర్ఫీదిచ్చే కోచ్ అక్క ఆమెను రోడ్డెక్కించింది. పట్టుమని గంట కాకముందే పిచికకు తల దిమ్మెక్కింది, కాళ్లు తేలిపోయాయి. గోడ నీడన కూలబడింది. ఆమె నల్ల చొక్కా మీద ఆరిన తెల్లటి చారల్ని కోచ్ అక్క వేలితో గీరి చూసింది.

"ఇంత ఉప్పేంటే? ఈపాటికి తగ్గాలి. నీ ఒంటికి వేడి తగిలినట్టే లేదు. ఇంట్లో వేడి చూసేదెవరు?"

"మా ఆయన."

ఆ మాట తన నోట రాగానే పిచికకు అనుమానం గుచ్చుకుంది.

ఇంటికెళ్లి, బూట్లయినా విప్పకుండా అతని ముందు నిలబడింది.

"నా మొహంలోకి చూసి చెప్పు. నిన్న ఎంత పెట్టావు?"

అతను చూపు దించుకున్నాడు. "ముప్పై కూడా లేదు."

"అంతకు ముందు?"

"రోజుకింత తగ్గిస్తూ వచ్చాను. లోపల నువ్వు రొప్పుతుంటే నా ప్రాణం ఉసూరుమనేదే. హాయిగా ఉందన్నావు కదా..."

"ఆ హాయి నేను సంపాదించుకున్నదనుకున్నాను!"

"నిరుడు పడిపోయావని విన్నాను. ఈసారి నీకేమైనా అయితే?"

"మానెయ్యమని మొహమ్మీద చెప్పాల్సింది. దెబ్బలాడేదాన్ని, అలిగేదాన్ని, చివరికి వినేదాన్నేమో కూడా. నువ్వు నా పాటకు తాళం వేశావు."

అతను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగింది. ఫోను తీసింది. "అక్కా, నా చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్. నా ఒళ్లు తయారవలేదు." అంతే అంది. ఎవరి మీదా నేరం మోపలేదు. అది విని అతని మొహం ఇంకా వాడిపోయింది.

"ఏమైందర్రా?" అని అత్తగారు వంటింట్లోంచి అడిగింది. అతను గొంతు తగ్గించాడు.

"తప్పయిపోయిందే. వచ్చే ఏడాది నేనే దగ్గరుండి..."

"వచ్చే ఏడాది సంగతి తర్వాత. రేపు పొద్దున నేనేదో చేసి చూపిస్తే నువ్వు బాగుందంటావు. అది నిజంగా బాగున్నట్టా, నామీద జాలిపడ్డట్టా? నేనెలా తెలుసుకోవాలి?"