‘అక్క’ అని రాసుకున్నారు

మా స్టేషనులో నన్ను చాటుగా ‘పచ్చిమిరపకాయ’ అంటారు. నాకు తెలియదనుకుంటారు పాపం. రికార్డు గదిలో కూర్చునేదానికి తెలియనిదేముంటుంది? ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో చివరి తొమ్మిదేళ్ళూ ఆ గదిలోనే గడిచాయి. కిటికీ ఒకటే. ఫ్యాను తిరుగుతుంది గాని గాలి రాదు. అరల నిండా కట్టలు, కట్టల నిండా దుమ్ము. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి దక్కిన ఊరు ఆ గదే.

అందులో ఒక కట్ట మీద ‘గుర్తు తెలియని స్త్రీ, వయసు ముప్ఫై – ముప్ఫై అయిదు, హత్య’ అని చీటీ అంటించి ఉంటుంది. ఇరవై రెండేళ్ళ కిందటి కేసు. ఐసు ఫ్యాక్టరీ వెనక మురుగుకాలవలో శవం దొరికింది. మెడ నులిమి చంపారని, చనిపోయి పది రోజులు దాటిందని డాక్టరు రాశాడు. మా మనిషేనని చెప్పుకోవడానికి ఎవరూ రాలేదు. పన్ను ఒకటి తీసి ప్రయోగశాలలో భద్రపరిచి, మిగతా మనిషిని పాతిపెట్టేశారు. ఇక మిగిలింది ఒక గుడ్డసంచి. అందులో పనిలోకి వెళ్ళేటప్పుడు తొడుక్కునే నీలం కోటు, తాడుకి కట్టిన తాళంచెవి, చిన్నపిల్ల బూటు ఒకటి ఉన్నాయి. నల్లబూటు, ఎడమకాలిది. జాబితాలో దాని పక్కన ‘కాలవలోని చెత్త, కేసుతో సంబంధం లేదు’ అని ఎవరో మహానుభావుడు రాశాడు.

మావాళ్ళు ఆవిణ్ణి ‘కాలవామె’ అంటారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆవిడేమన్నా కాలవలో పుట్టిందా? కన్నవాళ్ళు పేరు పెట్టకుండానే వదిలేశారా?

సోమవారం పొద్దున కొత్త ఆఫీసరు మా గదిలోకి వచ్చాడు. నా కొడుకు వయసుంటుంది. దుమ్ముకి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

“ఇరవయ్యేళ్ళు దాటినవన్నీ శుక్రవారం కాల్చేస్తున్నామమ్మా. జాబితా రాయండి.”

“హత్య కేసులు కూడానా సార్?”

“ఎవరో తెలియనివాళ్ళవి దాచి ఏం చేసుకుంటాం? పైనుంచి అనుమతి వచ్చేసింది.”

“ఎవరో తెలిస్తేనో?”

“ఇరవై రెండేళ్ళలో తెలియంది ఈ నాలుగు రోజుల్లో తెలుస్తుందా?” అని నవ్వాడు.

“శుక్రవారం దాకా టైముంది కదా సార్, నవ్వడానికి అంత తొందరేంటి?” అన్నాను. గుమ్మం దగ్గరున్న కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు నటించి బయటికి పోయాడు.

ఆ రోజూ మర్నాడూ తప్పిపోయినవాళ్ళ రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ఇంతకుముందు రెండుసార్లు వెతికిందే, మూడోసారి వెతికాను. శవం దొరికిన నెలలో గాని, దానికి ముందు మూడు నెలల్లో గాని ముప్ఫయ్యేళ్ళ ఆడమనిషి ఒక్కతీ లేదు. ముసలమ్మలు ఇద్దరు, పదహారు పదిహేడేళ్ళ పిల్లలు అయిదుగురు, ఒక లాయరు పోగొట్టుకున్న కుక్క ఉన్నాయి. కుక్కకి ఎన్ని మచ్చలున్నాయో కూడా లెక్కపెట్టి రాశారు. చచ్చి గీపెట్టినా ఆవిడ జాడ మాత్రం లేదు.

బుధవారం వదినని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళక తప్పలేదు. శుక్లం ఆపరేషనుకి నెల కిందటే తేదీ ఇచ్చారు. బల్ల వెనక కూర్చున్న నర్సు తల ఎత్తకుండా ఫారం నింపుతోంది.

“పేషెంటు మీకేమవుతారు?”

నేను అటు తిరిగి, “వదినా, నిలబడకు, తూలిపడతావు. ఆ కుర్చీలో కూర్చో” అని అరుస్తున్నాను. నర్సు చకచకా ‘వదిన’ అని రాసేసింది.

“ఆవిడకి పిల్లలు లేరాండీ? సంతకం పిల్లలే పెట్టాలి. మీరు పనికిరారు.”

“పిల్లలేంటి, నేనే కూతుర్ని!”

“ఇప్పుడే కదండీ వదినా అన్నారు.”

“అంటే? ఆవిడ మా అమ్మే. మా నాన్నకి తమ్ముళ్ళు నలుగురు, చెల్లెళ్ళు ఇద్దరు. అందరూ ఒకే ఇంట్లో ఉండి వదినా వదినా అని ఈవిడ వెనకే తిరిగేవాళ్ళు. విని విని నాకూ అదే నోటికొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళొచ్చాక ఇప్పుడు మార్చుకోమంటావా?”

అమ్మ కుర్చీలోంచి అందుకుంది. “కూతురే తల్లీ, రాసుకో. కాకపోతే దీని నోట అమ్మా అన్న మాట వినకుండానే పోయేట్టున్నాను.”

“నాకేం తెలుస్తుందండీ? మీరే మాటంటే నేనా మాట రాస్తాను” అంది నర్సు, చిరాగ్గా కొట్టేసి మళ్ళీ రాస్తూ.

సంతకం పెడుతున్న నా చెయ్యి ఆగిపోయింది. అక్షరాలా నిజమే చెప్పింది ఆ పిల్ల. నోటికొచ్చిన పిలుపునే చుట్టరికమని రాసేసింది. మా స్టేషనులో మాత్రం ఇంతకన్నా తెలివైనవాళ్ళు ఉన్నారా?

అమ్మ కంటికి కట్టు కట్టించి, ఇంటికి చేర్చి, మా ఆయనకి అప్పజెప్పి, మూడింటికల్లా రికార్డు గదిలో పడ్డాను. ఈసారి వయసు గడి వైపు చూడలేదు. ఎవరు వచ్చారు, ఏ మాట అన్నారు, అంతే చూశాను. శవం దొరకడానికి పదకొండు రోజుల ముందు, లాయరు కుక్కకి సరిగ్గా పైన, ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాల్లో ఉంది.

‘ఫిర్యాది: బాలిక, ఏడేళ్ళు. తప్పిపోయినవారు: ఫిర్యాది అక్క. వయసు సుమారు పదహారు. ఫిర్యాది బూటు కుట్టించుకువస్తానని వెళ్ళి తిరిగి రాలేదు. ప్రేమ వ్యవహారం కావచ్చును. చర్య అవసరం లేదు.’

బూటు! కుర్చీలోంచి లేచిన సంగతి కూడా నాకు తెలియలేదు. ఇదివరకు రెండుసార్లు ‘పదహారు’ అన్న అంకె చూసి ఈ వరస దాటేశాను. ఇంకెవర్నో తిట్టేముందు నా చెంప నేనే వాయించుకోవాలి. అది మనసులోనే వాయించుకుని, ఆ గుండ్రక్షరాలు రాసిన అప్పటి స్టేషను రైటరుకి ఫోను చేశాను. రిటైరై చాలా కాలమైంది.

“ఏడేళ్ళ పిల్ల అక్కంటే అక్కే కదమ్మా!” అన్నాడు.

“పదహారేళ్ళని ఆ పిల్ల చెప్పిందా?”

“లెక్కేసుకున్నాను. చెల్లెలికి ఏడైతే అక్కకి ముప్ఫయ్యా?”

“మీ అమ్మేదమ్మా అని ఒక్క మాట అడగలేకపోయారా?”

ఆయన మాట మళ్ళించాడు. “వారం తర్వాత వాళ్ళ పిన్ని కూడా వచ్చింది. అక్క కనబడటం లేదంది. అదివరకే రాసుకున్నాం పొమ్మన్నాను. ఆ చిన్నపిల్ల మాత్రం గుర్తుందమ్మా. ఒక కాలికే బూటు ఉంది. రెండో కాలు ఉత్తది.”

“కుక్క మచ్చలు రాసినవారు, అది రాయలేదేం?”

ఆయన ఫోను పెట్టేశాడు.

గురువారం రిజిస్టరులోని చిరునామా పట్టుకుని ఐసు ఫ్యాక్టరీ వీధికి వెళ్ళాను. కింద ఇస్త్రీ దుకాణం ఆవిడ పెట్టె పక్కన పెట్టి మరీ చెప్పింది. “పైవాటా పిల్లా? ఇప్పుడు సిటీ బస్సు నడుపుతోంది. రాయిలాంటి మనిషి. కాదు మరి, తల్లి ఎవడితోనో లేచిపోతే ఎలా ఉంటారు?”

“లేచిపోవడం నువ్వు చూశావా?”

“నేనెందుకు చూస్తానమ్మా, అందరూ అన్నారు!”

ఆ అందరూ ఎప్పుడన్నా నా చేతికి చిక్కితే బావుండును.

బస్సు డిపోలో ఆ అమ్మాయి టైరుని కాలితో తన్ని గాలి చూసుకుంటోంది. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. తల్లి సంగతి ఎత్తగానే మొహం గడియ వేసుకుంది.

“ఆవిడ మాట నా దగ్గర ఎత్తకండి. నాకక్కర్లేదు.”

“ఒక్కటి చెప్పు, వెళ్ళిపోతాను. మీ అమ్మని ఏమని పిలిచేదానివి?”

ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. తడబడింది. “అక్క అని. మా పిన్నిని, మావయ్యని తనే పెంచింది. వాళ్ళు అక్కా అంటే నేనూ అక్కా అనేదాన్ని.”

“బూటు కుట్టించుకొస్తానని వెళ్ళింది. అవునా?”

“మీకెలా తెలుసు?” అని, వెంటనే గొంతు పెంచింది. “అవును, వెళ్ళింది! నేను కిటికీ దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. అన్నానికి కూడా లేవలేదు. తర్వాత పిన్నే చెప్పింది, బూటు ఒట్టి సాకని. నన్ను వదిలించుకోవడానికి దొరికిన సాకు. చాలా?”

“చాలదు. ఆ బూటు మా స్టేషనులో ఉంది, కాలవలో చంపి పడేసిన ఒకావిడ వస్తువుల్లో. రేపు పదింటికి కాల్చేస్తామంటున్నారు. నువ్వొచ్చినా రాకపోయినా నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. ఎవడు లాక్కుంటాడో చూస్తాను.”

ఆమె బస్సెక్కి తలుపు వేసుకుని, హారను గట్టిగా కొట్టి వెళ్ళిపోయింది.

శుక్రవారం స్టేషను పెరట్లో ఇనుప పీపా పెట్టి కిరసనాయిలు తెచ్చారు. కట్టలు ఒక్కొక్కటే అందులోకి పోతున్నాయి. నేను స్టూలు వేసుకుని, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రిజిస్టరు పేజీ ఆఫీసరుకి పొద్దున్నే చూపించాను. ‘అక్క అని ఉంది కదమ్మా, పైగా వయసు కలవలేదు’ అన్నాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. చిలకైతే అర్థం చేసుకునేది.

“సంచి ఇలా ఇవ్వండమ్మా.”

“ఇవ్వను సార్.”

“ఇది ఆర్డరు.”

“కాగితం మీద రాసివ్వండి. ‘మనిషి ఎవరో తెలిసే వీలుందని చెప్పినా వినకుండా కాల్చమన్నాను’ అని రాసి, కింద సంతకం పెట్టండి. నేనే అగ్గిపుల్ల గీస్తాను.”

“వచ్చే ఏడు రిటైరవుతున్నారు. ఎందుకు మీకీ గొడవ? కొరివితో తల గోక్కుంటున్నారు.”

“నా తల, నా కొరివి.”

ఆఫీసరు మొహం ఎర్రబడింది. కానిస్టేబులుకి సైగ చేశాడు. అతను నా వైపు రెండడుగులు వేసి, నా మొహం చూసి, ఒకడుగు వెనక్కి వేశాడు. అంతలో వీధిలో సిటీ బస్సు ఆగిన చప్పుడైంది. ప్రయాణికుల్ని బస్సులోనే కూర్చోబెట్టి, డ్రైవరు యూనిఫారంతోనే ఆ అమ్మాయి పెరట్లోకి వచ్చింది.

“రెండే నిమిషాలున్నాయి. చూపించండి” అంది.

సంచి ముడి విప్పాను. కోటు చూసింది, తాళంచెవి చూసింది. బూటు చేతిలోకి తీసుకుని లోపల వేలు పెట్టి చూసింది. తర్వాత తిరగేసింది. అడుగు చుట్టూ తెల్లదారంతో దగ్గరదగ్గరగా కుట్లు ఉన్నాయి, బొటనవేలి దగ్గర నుంచి మడమ దాకా, ఎక్కడా వదలకుండా. ఆ తెల్లదారాన్ని నేను తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. అదేం చెబుతోందో నాకు తట్టలేదు.

“కుట్టించింది” అంది మెల్లగా.

ఆఫీసరు వైపు తిరిగింది.

“కుట్టించిందండీ! చూడండి, మొత్తం కుట్టించింది. అప్పుడు అడుగు నోరు తెరుచుకుని ఉండేది, నా వేళ్ళు బయటికొచ్చేవి.” బూటుని ఆఫీసరు మొహం ముందు పెట్టింది. “పారిపోయేవాళ్ళు బూటు కుట్టిస్తారా? తిరిగొస్తోంది! మా అక్క ఇంటికొస్తోంది! ఊరు ఊరంతా లేచిపోయిందన్నారు. నేనూ అన్నాను. ఇరవై రెండేళ్ళు నేనూ తిట్టాను ఆవిణ్ణి!”

ఆమెని నా స్టూలు మీద కూర్చోబెట్టి తల నా పొట్టకి ఆనించుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఎవరికోసం ఆపుకోవాలి? వీధిలో ప్రయాణికులు హారను కొడుతున్నారు.

ఆఫీసరు పీపా వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. “ఆ సంచి పక్కన పెట్టండమ్మా.”

“పక్కన కాదు సార్. మీ బల్ల మీద పెడతాను” అన్నాను. పెట్టాను.

ఆ పన్నుకి, ఆ అమ్మాయి నెత్తురుకి అయిదు వారాల తర్వాత ప్రయోగశాల ముడి వేసింది. తల్లీ కూతుళ్ళే. కాగితం రాగానే కబురు పెట్టాను. రిజిస్టరులో కొత్త పేజీ తీసి, పేరు గడిలో ఆమె చెప్పిన పేరు రాశాను. ఆ పేరు ఇక్కడ చెప్పను. ‘కాలవామె’ అనడానికి, ‘లేచిపోయింది’ అనడానికి నోరు తిరిగినవాళ్ళందరూ నడుచుకుంటూ వచ్చి, నా గదిలో నిలబడి చదువుకోవాలి. ఇప్పటికి పదకొండు మంది వచ్చారు, ఇస్త్రీ దుకాణం ఆవిడతో సహా.

“చుట్టరికం?” అని అడిగాను.

“తల్లి అని రాయండి. పక్కన, ‘అక్క అని పిలిచేవాళ్ళం’ అని కూడా రాయండి.”

రెండూ రాశాను. ఆమె వంగి అక్షరం అక్షరం చదువుకుంది.

“బూటు ఇచ్చేస్తారా?”

“చంపినవాడెవరో తేలేదాకా ఇవ్వడానికి లేదమ్మా. సాక్ష్యం.”

“అయితే తేల్చండి” అంది. నా బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. “డ్యూటీ లేని రోజల్లా వస్తాను. ఈసారి కిటికీ దగ్గర కాదు, ఇక్కడ కూర్చుంటాను.”

నేను లేచి, హత్య కేసు ఫైలు తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, మొదటి పేజీ తీశాను.