హాల్లోని థర్మోస్టాట్

“చలేస్తే స్వెటర్ వేసుకో గ్లెన్. హీటింగ్ జోలికి పోకు” అనేసి మా ఆయన క్లైవ్ క్లబ్బుకి వెళ్ళాడు. అప్పటికే నా ఒంటి మీద రెండు స్వెటర్లున్నాయి.

పొద్దున మెకానిక్ డారెన్ వచ్చి, ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ బాగుచేసి వెళ్ళాడు. మధ్యాహ్నమైనా రేడియేటర్లు మంచుగడ్డల్లానే ఉన్నాయి. ఇంట్లో వేడి ఎంతుండాలో బాయిలర్‌కి చెప్పే, హాల్లో గోడకున్న థర్మోస్టాట్‌ని ఇరవై ఒక్క డిగ్రీలకి తిప్పాను. టిక్కుమంది. అంతే. డారెన్‌కి ఫోన్ చేశాను.

“నేను వెళ్ళేముందు బాయిలర్ దగ్గరే మీట నొక్కి చూశానమ్మా, చక్కగా వెలిగింది. లోపల బోర్డు కొత్తది వేశాను కదా, మీ థర్మోస్టాట్ మాట దానికి అందట్లేదేమో. మెయిన్ ఆపి మూత తీయండి. వైర్లు ఊడాయేమో చూద్దాం.”

టార్చి వెలుగులో మూత తీశాను.

“ఊడలేదు డారెన్. కోసేసి, కొసలకి టేపు చుట్టారు. టేపు మీద దుమ్ము మందంగా పేరుకుంది.”



“అయితే అది ఏళ్ళ తరబడి దేనికీ కలిసి లేదమ్మా. ఇంట్లో ఇంకోటి ఉండాలి. వైర్లెస్‌ది, సబ్బుపెట్టెంత ఉంటుంది. దొరికితే దాని బొత్తాం నొక్కి పట్టుకోండి, కొత్త బోర్డుతో కలుస్తుంది. ఎక్కడుందో మీవారినడగండి.”

అడగలేదు. ఈ ఇంట్లో నేను దుమ్ము దులపని చోటు ఒక్కటే ఉంది, క్లైవ్ రైలుబొమ్మల గదిలోని అర. “అక్కడ చెయ్యి పెట్టకు, విరుగుతాయి” అంటాడు. బొమ్మ స్టేషన్ వెనక దొరికింది. సరిగ్గా కింద అతని సొంత కరెంటు హీటర్. ఆ గది వెచ్చబడితే చాలు, ఇల్లంతటికీ బాయిలర్ ఆగిపోతుంది. తెర మీద అంకె పదిహేను.

ఎన్ని చలికాలాలు హాల్లోది తిప్పాను! టిక్కు వినపడగానే కాస్త వెచ్చబడినట్టే అనిపించేది. “ఇరవై ఒకటుంది కదా, ఇంకా చలేంటి? లోపం నీ ఒంట్లో ఉంది, డాక్టరుకి చూపించుకో” అనేవాడు. చూపించుకున్నాను. రక్తం ఇచ్చాను, ఐరన్ మాత్రలు మింగాను. అది నా ఒక్కదాని సంగతైతే మింగి ఊరుకునేదాన్నే. తుంటి ఆపరేషనయ్యాక అమ్మ మా దగ్గరికొచ్చింది. చేతి తొడుగులతోనే పడుకునేది. “ఎముకల్లోకి పోతోందే” అనేది. చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిపించుకెళ్ళి అంకె చూపించాను. “ఇరవై ఒకటమ్మా. నీకలా అనిపిస్తోందంతే.” క్లైవ్ మాటలే, క్లైవ్ గొంతే. “మీ అమ్మకి మతి తప్పుతోంది, మనవల్ల కాదు” అన్నాడు అతను. వృద్ధాశ్రమం వెతికింది నేను. పెట్టె సర్దింది నేను.

మెయిన్ మళ్ళీ వేసి, డారెన్ చెప్పినట్టు ఆ సబ్బుపెట్టె బొత్తాం నొక్కి పట్టుకున్నాను. పచ్చదీపం వెలిగింది. అంకెని ఇరవై ఒకటికి పెంచాను. కింద బాయిలర్ గుప్పుమంది. గోడల్లోని గొట్టాల్లో వేడినీళ్ళు కదిలాయి.

క్లైవ్ వస్తూనే మఫ్లర్ లాగేశాడు. “ఇదేంటి, కొలిమిలా ఉంది! ఎంతలో పెట్టావు?”

“ఇరవై ఒకటి.”

“హాల్లోనా?”

“నీ రైల్వే స్టేషన్లో.”

అతని ముఖం ఎర్రబడింది. తర్వాత నవ్వాడు. “గ్యాస్ ధర నీకేం తెలుసు? అయినా నీకు తిప్పుకోవడానికి ఒకటుంచాను కదా!”

వంటింట్లోకెళ్ళి తలుపేసుకుని అమ్మకి ఫోన్ చేశాను.

“అమ్మా, నువ్వు చెప్పింది నిజమే. ఇల్లు చలిగానే ఉండేది.”

“తెలుసే తల్లీ. వణికింది నేనేగా.”

“మరి నన్ను తిట్టలేదేం?”

“ఏమని తిట్టను? చలి లేదని చెబుతూ నువ్వూ వణుకుతూనే ఉన్నావు.”

“ఇవాళ వస్తున్నానమ్మా” అన్నాను.

“ఒక్క పూటకా?”

“వచ్చాక చెబుతా. మనిద్దరికీ ఎక్కడైనా చోటు చూద్దాం.”

ఇల్లంతా వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి. గుమ్మం దగ్గర కొయ్యకి అమ్మ చేతి తొడుగులు ఇంకా వేలాడుతున్నాయి. అవి తీసుకున్నాను. కోటు తొడుక్కున్నాను. రైలుబొమ్మల గదిలోంచి తెచ్చిన సబ్బుపెట్టె లాంటి ఆ థర్మోస్టాట్‌ని పదిహేనుకి తిప్పి జేబులో వేసుకున్నాను.

“ఎక్కడికి గ్లెన్? నాకు తిండి ఎవరు పెడతారు? ఒకవేళ చలేస్తే?”

“హాల్లోది ఉంచాను క్లైవ్” అన్నాను. “తిప్పుకో.”